కన్నీరు కార్చినవారు తెల్లవారి ఏమి చేసిరి?



కోనసీమలో ఐనవిల్లి పేరు చెప్పగానే జనులకు మొదట జ్ఞాపకమునకు వచ్చునది అచ్చటి విఘ్నేశ్వరుని ఆలయము. పరీక్షల కాలమునకు ముందు అచ్చట కలములను రాశులుగా పోసి పూజించి, విద్యార్థులకు పంచిపెట్టుట నేటి ఆచారము. ఆ పూజ మనది కాకపోయినను, దానిలో మనము గమనింపదగిన సంగతి ఒకటి కలదు. బిడ్డ చేతిలో కలముండవలెనను కోరిక నేడు కోనసీమలో పెద్ద మేడలోను కలదు, తాటాకు పాకలోను కలదు.

నూరేండ్ల క్రిందట ఈ కోరిక ప్రతి ఇంటను లేదు. కూలివాని కుమారుడు పశువుల వెంట నడువగలిగిన వయస్సు రాగానే వానిని ఒక కామందు ఇంట పాలేరుగా కుదుర్చుట వాడుక. ఏడాదికి ఇన్ని కుంచముల ధాన్యమని మాట అనుకొనెడివారు. తండ్రి పాలేరు గనుక కుమారుడును పాలేరే. ఇది తప్పని తండ్రికి తోచలేదు, కామందుకును తోచలేదు. అట్టి మనస్సులు ఎట్లు మారినవి? కాలువలు వచ్చినవి, బడులు వచ్చినవి, మిషను పాఠశాలలు వచ్చినవి, చట్టములు వచ్చినవి. వీటితోబాటు ఒక నాటకము కూడ వచ్చెను. ఆ నాటకమును వ్రాసినవారు కోనసీమ బిడ్డయే.

ఆ నాటకమును గూర్చి చెప్పుటకు ముందు ఒక ప్రశ్న వేసికొందము. పలుకువాడు, పాడువాడు, వ్రాయువాడు వినువారి హృదయమును ఎట్లు కదలింతురు? కదలించిన పిమ్మట ఏమి జరుగును? ఇది పండితుల ప్రశ్న మాత్రమే కాదు. మీరు పల్లెలో బుర్రకథ విందురు, నాటకము చూతురు, ఎన్నికల సభకు పోదురు, ఆదివారమున ప్రసంగము విందురు. ప్రతి చోటను ఎవడో ఒకడు మీ హృదయపు తలుపు తట్టుచున్నాడు. వాడెట్లు తట్టునో ఎరిగియుండుట మంచిది.

మొదటి సంగతి యేమనగా, ఎరిగిన పాత్రలో పోసినదానినే జనులు సులభముగా త్రాగుదురు. బుర్రకథను తలచుకొనుడి. నడుమ కథకుడు తంబూర భుజమున వేసికొని నిలుచును. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించుచు వంతలిద్దరుందురు. ఒకడు హాస్యము చెప్పును, రెండవవాడు నేటి రాజకీయము చెప్పును. కథకుడు ఒక చరణము పలుకగానే వారు తందాన యందురు. కూర్చున్నవారు నోరు విప్పకపోయినను వారి లోపల కూడ ఆ తందాన పలుకుచుండును. మన మనస్సులో పుట్టవలసిన సందేహమును హాస్యగాడే ముందుగా అడుగును, మనము నవ్వుదుము, నవ్వినవాని మనస్సు తలుపు తెరచుకొనును, ఆ తలుపున కథకుడు తన మాటను లోనికి పంపును. గుంటూరు ప్రాంతపు షేక్ నాజరు (1920–1997) ఈ విద్యలో ఆరితేరినవాడు. పాత వీరగాథలను చెప్పిన ఆ తంబూరతోనే ఆయన తన కాలపు ఆకలిని, అన్యాయమును కూడ చెప్పెను. పాత్ర పాతది, పోసినది క్రొత్తది.

మన సంఘముల చరిత్రలోను ఇదే జరిగినది. 1836లో బౌడెను, బీరు అను మిషనరీలు ఈ తీరమునకు వచ్చి గోదావరి డెల్టాలో పని ఆరంభించిరి. సువార్త వచ్చినది గాని, దానిని పాడుటకు మన నాలుకకు అలవాటైన రాగము కూడ కావలసియుండెను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన దేశపు రాగములలో, మన తాళములలో కీర్తనలు కట్టిరి. మీ చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. పాట తలమీద రాగము పేరును తాళము పేరును అచ్చువేసి యుండును. అక్షరములు రాని మన అవ్వలు ఆ కీర్తనలను కంఠస్థము చేసిరి. వారికి ఆ రాగములు హరికథలలోను భజనలలోను ముందే పరిచయము. చెవికి పరిచయమైనది గనుక హృదయములోనికి పోవుటకు దారి దొరకెను.

అయితే ఇచ్చట ఒక అపాయము కూడ కలదు. చెవి సంతోషించినంత మాత్రమున హృదయము మారినట్లు కాదు. పద్యనాటకముల కాలమును ఎరిగిన పెద్దలు మీ ఊరిలో ఇంకను ఉందురు, వారిని అడుగుడి. హరిశ్చంద్ర నాటకములో కాటిసీను రాగానే పందిరి నిశ్శబ్దమయ్యెడిది. నటుడు పద్యమెత్తుకొని రాగము తీసిన, జనులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయుదురు. అతడు మరల పాడును. చనిపోయిన బిడ్డ ప్రక్కన తల్లి ఏడ్చుచుండగా కథ అచ్చటనే నిలిచిపోవును. అప్పుడు జనులు వినుచున్నది తల్లి దుఃఖమునా, నటుని గొంతునా? వారి కన్నులలో నీరు నిజమే. కాని ఆ నీరు రాగముకొరకు వచ్చినదో, దుఃఖితులకొరకు వచ్చినదో తెల్లవారినగాని తెలియదు.

ఈ సంగతిని తన బ్రతుకులోనే చూచిన కవి ఒకరు గలరు. ఆయన గుఱ్ఱము జాషువాగారు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టి, 1971లో చనిపోయిరి. యౌవనమున, 1915–16 ప్రాంతమున, వారు రాజమండ్రిలో ఒక వింత ఉద్యోగము చేసిరి. అవి మూగచిత్రముల దినములు. తెలుగు బొమ్మ మాటలాడినది 1932లో ‘భక్త ప్రహ్లాద’తోనే. అంతకు ముందు తెరమీద బొమ్మలు పెదవులు కదపుచుండగా, ఒక మనుష్యుడు కథను, సంభాషణలను పైకి చదివి వినిపించుచుండెడివాడు. జాషువాగారు చేసినది ఆ వాచకుని పనియే. ఆలోచించుడి. బొమ్మ ఒక్కటే. వాచకుడు మెత్తగా చదివిన జనులకు జాలి కలుగును, గట్టిగా చదివిన కోపము కలుగును. చూచినవారు ఇంటికి పోయి, బొమ్మయే తమ్మును ఏడిపించినదని చెప్పుకొందురు. ఏడిపించిన గొంతును వారు తలంపరు.

తరువాత జాషువాగారు గొప్ప కవి అయిరి. శ్మశానమును గూర్చి వారు వ్రాసిన పద్యములను నటులు హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో చేర్చుకొని పాడిరి. ఊరూర జనులు ఆ పద్యములు విని కన్నీరు కార్చిరి. రాజుకును పేదకును కాటిలో భేదము లేదను మాటకు అందరును తలలూపిరి. కాని ఆ పద్యములు వ్రాసిన మనిషిని అదే జనులు ఎట్లు చూచిరి? వారే ఒక పద్యములో ఆ సంగతి చెప్పుకొనిరి. కవిత్వము విని భళీ యని మెచ్చుకొన్నవారు, నీ కులమేదని అడిగి, తెలిసికొని, చటుక్కున లేచిపోయెడివారట. మాట మారలేదు, గొంతు మారలేదు. కవి పుట్టుక తెలిసినంతనే చెవులు మూసికొనిపోయెను.

ఇందు మనము నేర్చుకొనవలసినది కలదు. వక్త ఎంత నేర్పరియైనను సగము పని వినువానిదే. విత్తువాడు మంచి విత్తనమునే చల్లును. అది త్రోవ ప్రక్కన పడునో మంచి నేలను పడునో నేలనుబట్టి యుండును. ఈ ఉపమానము మీకు క్రొత్తది కాదు. 1941లో జాషువాగారు ‘గబ్బిలము’ అను కావ్యము వెలువరించిరి. అందు ఒక నిరుపేద అంటరానివాడు తన మొరను కాశీ విశ్వనాథునికి చెప్పుమని గబ్బిలమును వేడుకొనును. గుడిలోనికి అతనికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు కలదు. మనుష్యుని మొర వినుటకు మనుష్యుడు దొరకక గబ్బిలము దొరకుట చదువువానికి సిగ్గు కలిగించును. ఆ సిగ్గును కలిగించుటకే కవి ఆ త్రోవ త్రొక్కెనని తోచుచున్నది.

సిగ్గు కలిగించుటకు దావీదు నొద్దకు వచ్చిన నాతాను కూడ ఇట్టి త్రోవనే త్రొక్కెను. నీవు పాపము చేసితివని మొదట అనలేదు. గొఱ్ఱెపిల్ల నొక్కదానిని పెంచుకొన్న బీదవాని కథ చెప్పెను. రాజు మండిపడి, ఆ ధనవంతునికి తానే తీర్పు చెప్పెను. అప్పుడు నాతాను ఆ తీర్పును రాజు మీదికే త్రిప్పెను. కథ వినునప్పుడు మనము ఇతరులకు తీర్పు తీర్చుదుము. మంచి కథకుడు ఆ తీర్పును మన ఇంటికే తెచ్చి దింపును. అచ్చట కథ ముగిసి మారుమనస్సు మొదలగును. కాటిసీను చూచి ఏడ్చినవారికి ఈ రెండవ మెట్టు దొరకలేదు. ఆ నాటకములో రాజు కష్టపడెను, రాజు మరల రాజాయెను. చూచిన కూలివాడు తెల్లవారి చేయవలసినదేమియు అందులో లేదు.

ఇప్పుడు కోనసీమ నాటకమునకు వత్తము. అమలాపురము నుండి రాజోలు పోవు దారిలో మామిడికుదురు అను ఊరు కలదు. అచ్చట 1911 సెప్టెంబరు 19న బోయి భీమన్నగారు పుట్టిరి. బీద దళిత కుటుంబము. బాలుడు చదువుకొనెను. స్వాతంత్ర్యమునకు ముందటి దినములలోనే ఆయన ‘పాలేరు’ అను నాటకము వ్రాసిరి. కథ మీకు ఒక్క మాటలో చెప్పవచ్చును: పాలేరు కుర్రవాడొకడు చదువుకొని డిప్యూటీ కలెక్టరు అగును. ఇంతే. దేవతలు లేరు, రాజులు లేరు, కాశీ లేదు.

ఈ చిన్న కథ పల్లెల మీద పనిచేసిన విధము చూడుడి. ఆ నాటకము చూచినవారిలో అనేకులు తమ పిల్లలను పాలేరుతనము మాన్పించి బడికి పంపిరనియు, అట్లు చదివిన పిల్లలలో కొందరు ఆ నాటక నాయకునివలెనే పెద్ద ఉద్యోగములలోనికి వచ్చిరనియు తెలుగునాట చెప్పుకొందురు. తెర దింపిన పిమ్మట కథ మరల ఇండ్లలో నడచెనన్నమాట. ఏ నాటకకర్తకైనను దీనికంటె గొప్ప బహుమానమేమి?

ఇది ఎట్లు సాధ్యమాయెను? మూడు కారణములు కనబడుచున్నవి.

మొదటిది, నాయకుడెవడను సంగతి. అంతకు ముందు రంగముమీద పాలేరు కనబడిన, సాధారణముగా నవ్వించుటకో నీళ్లు తెచ్చుటకో కనబడెడివాడు. భీమన్నగారు వానిని నడుమ నిలువబెట్టిరి. చాపమీద కూర్చున్న పాలేరు తల యెత్తి చూడగా రంగముమీద తానే కనబడెను. ఇతరుని దుఃఖమునకు ఏడ్చుట వేరు, తన్ను తాను చూచికొనుట వేరు.

రెండవది, చేయవలసిన పని చేతికి అందునంత దగ్గరగా ఉండుట. లోకమంతయు మారవలెనని చెప్పిన ప్రసంగమునకు జనులు చప్పట్లు కొట్టి ఇంటికి పోదురు. రేపు ప్రొద్దున నీ పిల్లవానిని పశువులతో పంపకుము, పలకతో పంపుము అని చెప్పిన, అది తండ్రి చేయగలిగిన పని. కష్టమైనదే, ఏడాది ధాన్యము పోవును. అయినను అది ఆ తండ్రి చేతిలోనే ఉన్నది. నాటకము ఈ మాటను ఉపదేశముగా గాక కథగా చెప్పెను గనుక తండ్రి దానిని తన సొంత ఆలోచనగా ఇంటికి మోసికొనిపోగలిగెను.

మూడవది, చెప్పినవాని బ్రతుకు. పాలేరు కుర్రవాడు చదువుకొనగలడా యని ఎవడైన అడిగిన, నాటకము వ్రాసినవారినే చూపవచ్చును. భీమన్నగారు తరువాత పత్రికలలో పనిచేసిరి, అనేక గ్రంథములు వ్రాసిరి. 1973లో పద్మశ్రీ వచ్చెను. ‘గుడిసెలు కాలిపోతున్నై’ అను కావ్యమునకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 2001లో పద్మభూషణ్ వచ్చెను. 2005 డిసెంబరులో కన్నుమూసిరి. మాట యొకటి, బ్రతుకొకటియైన వక్తను జనులు ఒక దినము విందురు. మాటయు బ్రతుకును ఒకటైనవానిని తరములు విందురు.

నాటకమొక్కటే ఇదంతయు చేసెనని చెప్పుట న్యాయము కాదు. బడి లేని ఊరిలో నాటకము చూచిన తండ్రి పిల్లవానిని ఎక్కడికి పంపును? గురువులు, వసతి గృహములు, 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, ఇవన్నియు త్రోవను వేసినవి. కాని త్రోవ యున్నంత మాత్రమున ఎవడును నడువడు. నడువవలెనను కోరికను ఆ నాటకము పుట్టించెను.

ప్రియులారా, మాటకు ఇంత బలమున్నప్పుడు అది రెండు వైపులను పదును గలదని మరువరాదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా ఆయెను. దానికి అంబేద్కరుగారి పేరు చేర్చవలెనను ప్రతిపాదన వచ్చెను. మే 24న దానిని వ్యతిరేకించుచు అమలాపురములో చేరిన గుంపు ఒక మంత్రి ఇంటికిని, ఒక శాసనసభ్యుని ఇంటికిని నిప్పు పెట్టెను. జనులను పోగుచేసిన పిలుపులు ఫోనులలో వాట్సాపు గుంపుల ద్వారా తిరిగినవని పోలీసులు చెప్పిరి. అధికారులు కొన్ని దినములు ఇంటర్నెట్టు నిలిపివేసిరి. ఆ యేడే జిల్లాకు ఆ పేరు స్థిరమాయెను. బిడ్డలను బడికి నడిపించిన మాట పుట్టిన సీమలోనే, కాగడా పట్టించిన మాటలును పుట్టినవి. రెండును వినువారి హృదయములనే తట్టినవి.

భేదమెక్కడ? నాటకమును ఊరంతయు ఒకచోట కూర్చుండి చూచిరి. పలికినవాని ముఖము కనబడెను. ప్రక్కవాని ముఖమును కనబడెను. నాటకము ముగిసిన పిమ్మట రాత్రియంతయు ఆలోచించుకొనుటకు వ్యవధి యుండెను. చేతిలోని ఫోనుకు వచ్చు మాటకు ముఖము లేదు. మొదట పలికినదెవరో తెలియదు. అది మూగచిత్రపు వాచకునివలె తెర ప్రక్కననుండి చదువును. మనము బొమ్మనే చూచి కోపపడుదుము. పైగా ఇతరులకు పంపుమని తొందరపెట్టును. తొందరపెట్టు మాటను అనుమానించుడి. మేలు చేయు మాటకు ఒక రాత్రి ఆగుటకు భయముండదు.

కాబట్టి ఇకమీదట ఏ కథ విన్నను, ఏ సభకు పోయినను, ఏ ప్రసంగము విన్నను మూడు ప్రశ్నలు వేసికొనుడి. ఈ మాట వెనుక గొంతు ఎవరిది, వారి బ్రతుకు ఎట్టిది? ఈ కథలో నన్ను నేను చూచుకొనుచున్నానా, లేక ఇతరుని మీద తీర్పు మాత్రమే తీర్చుచున్నానా? తెల్లవారి నేను చేయవలసిన పనిగా ఇది ఏమి అడుగుచున్నది, ఆ పని నా పొరుగువానికి మేలా కీడా?

సంఘములో మాటలాడు పెద్దలకు, యౌవనుల కూటములలో నాటికలు వేయువారికి, ఆదివారపు బడిలో పిల్లలకు కథలు చెప్పు అక్కలకు కూడ ఒక మనవి. జనులు ఏడ్చిరా, నవ్విరా, చప్పట్లు కొట్టిరా అని లెక్కపెట్టకుడి. ఆ లెక్క రాత్రితో సరి. సోమవారమున ఊరిలోనికి వెళ్లి చూడుడి. బడి మానిన పిల్ల మరల సంచి తగిలించుకొని బయలుదేరినదా? పొలము గట్టు తగాదాలో ఇద్దరు అన్నదమ్ములు మాటలాడుకొనిరా? ఇంతకాలము గడప బయట నిలువబెట్టినవానిని ఎవరైన లోనికి పిలిచి మంచినీళ్లిచ్చిరా? వీటిలో ఒక్కటి జరిగినను మీ మాట మంచి నేలను పడినదని నమ్మవచ్చును. ఏదియు జరుగకున్న, వచ్చే ఆదివారమునకు మరికొంత రాగము చేర్చుకొనకుడి. వినువారి ఇండ్లకు పోయి, వారి బ్రతుకును చూచి, మరల మొదటినుండి చెప్పుడి.